ఏలూరు కావలి సోదరులు, వాళ్ళ దొర

కాలిన్ మెకంజీ మద్రాసులో దిగింది 1783లో. స్కాట్లండ్ పడమటి తీరాన లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్నంలో పుట్టినవాడు. ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో ఇంజనీరు ఉద్యోగం. ముట్టడులకు వెళ్ళాడు, దారులు కొలిచాడు, నిజాం సీమల్లో తిరిగి పటాలు గీశాడు. ఇక్కడి పాత విద్యల గురించి, ముఖ్యంగా హిందువుల గణితం గురించి తెలుసుకోవాలన్న ఆశతో వచ్చిన మనిషి. పదమూడేళ్ళు గడిచినా ఆ ఆశ అంగుళం కదల్లేదు. ఎందుకు కదల్లేదో 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్ అనే మరో దొరకి రాసిన పెద్ద ఉత్తరంలో తనే చెప్పుకున్నాడు. తీరిక లేదు, ఒకచోట కుదురుగా ఉండనిచ్చే ఉద్యోగం కాదు, పైగా ఈ దేశ భాషలు తనకి రావు. 1796లో సింహళ దండయాత్ర నుంచి తిరిగొచ్చాకే దారి దొరికిందనీ, అదీ ఒక మనిషి వల్లేననీ, ఆ పరిచయంతోనే ఈ దేశపు విద్యల వాకిట్లో మొదటి అడుగు వేశాననీ రాశాడు.

ఆ మనిషి ఏలూరు కుర్రవాడు, కావలి వెంకట బొర్రయ్య. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్ళు. దొరకి నలభై దాటాయి.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. నా పీహెచ్‌డీ కడప సీమ కైఫియ్యతుల మీద, అంటే ఊళ్ళ చరిత్రలు రాయించిన పాత కాగితాల మీద. ఇప్పటికీ పరిశోధనలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొస్తుంటారు. అంశం గురించి అడిగేది తక్కువ, గైడు గురించి అడిగేది ఎక్కువ. "మేడం, ఆయన రాసింది చదవరు", "ఏం కావాలో చెప్పరు", "ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో అని భయం". వాళ్ళకి నేను సలహాలు చెప్పను. బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్యల కథ చెబుతాను. పై అధికారికీ కింద పనిచేసేవాడికీ మధ్య పని ఎలా పండుతుందో, ఎక్కడ ఎండిపోతుందో నాకు తెలిసినంతలో అంతకంటే బాగా చూపించే కథ తెలుగునాట ఇంకొకటి లేదు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాను చనిపోయాడు. మైసూరు రాజ్యాన్నంతా కొలిచి పటం గీసే పని మెకంజీకి అప్పగించారు. ఆ సర్వే పదేళ్ళ పాటు సాగింది, 40,000 చదరపు మైళ్ళకు పైగా నేల కొలిచారు. కంపెనీకి కావలసింది సరిహద్దులు, చెరువులు, కోటలు, పన్నుల లెక్కలు. మెకంజీకి వాటితో పాటు ఆ నేల చరిత్ర కూడా కావాలి. ఎవరు ఏలారు, ఎవరు గుడి కట్టారు, ఈ మాన్యం ఎవరిచ్చారు అన్నవి. వీటికి కంపెనీ పెద్దగా డబ్బిచ్చింది లేదు. చాలా మటుకు ఆయన సొంత జీతంలోంచే ఖర్చు పెట్టుకున్నాడు.

గొలుసులు, కొలత యంత్రాలు, సిపాయిలు, గుర్రాలతో ఒక దొర ఊరి బయట గుడారం వేస్తే ఊళ్ళో వాళ్ళకి ఏమనిపిస్తుంది? శిస్తు పెంచడానికి వచ్చాడనిపిస్తుంది. మాన్యాలు ఊడబెరకడానికి వచ్చాడనిపిస్తుంది. ఆ భయం ఉత్త భయం కాదు, కంపెనీ పాలనలో రెండూ జరిగాయి. అటువంటి చోట బొర్రయ్య గుడికి వెళ్ళేవాడు, మఠానికి వెళ్ళేవాడు, కరణం గారి అరుగు మీద కూర్చునేవాడు. సంస్కృతం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు వచ్చిన మనిషి. మాట మంచితనంతో ఎదుటివాణ్ణి కలుపుకోగలవాడని తమ్ముడు రామస్వామి తర్వాత రాశాడు. హళగన్నడ లిపిలోని పాత శాసనాన్ని కూడబలుక్కుని చదివాడని కూడా ఆయనే రాశాడు. దొర పంపిన చోటికి వెళ్ళి, అడగమన్నది అడిగి వచ్చేస్తే బొర్రయ్య దుబాసీగానే మిగిలిపోయేవాడు. ఏ ప్రశ్న ఎవరిని అడగాలో, ఏ కాగితం ఎవరి ఇంట్లో ఉంటుందో, ఏ రాతిని ఏ పండితుడు చదవగలడో ఆయనే దొరకి చెప్పాడు. మెకంజీ ఉత్తరం చదివితే ఈ సంగతి ఆయన ఎరుగుననే తెలుస్తుంది.

దీనికి రుజువు అచ్చులో ఉంది. ముడిగెరెలో ఒక జైన గురువు దగ్గర బొర్రయ్య ఆ మతం వివరాలన్నీ చెప్పించుకుని ఇంగ్లీషులో పెట్టాడు. అది 1807లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి 'ఏషియాటిక్ రిసెర్చెస్' తొమ్మిదో సంపుటంలో అచ్చయింది. శీర్షికలోనే ఉంది, కావలి బొర్రయ్య అనువదించినది, మేజర్ మెకంజీ కోసం, అని. ఈ వరుస గమనించండి. పని చేసినవాడి పేరు ముందు, చేయించుకున్నవాడి పేరు వెనక. మెకంజీ తలుచుకుంటే తన పేరొక్కటే వేసుకోవచ్చు, ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద ప్రాజెక్టుకి కైఫియ్యతుల నకళ్ళు చదివి శుద్ధప్రతి రాసిపెట్టాను. గొలుసుకట్టు రాత, చిల్లులు పడిన కాగితం. సాయంత్రం అయ్యేసరికి కళ్ళు మండేవి. పుస్తకం వచ్చాక చూస్తే లోపల ఎక్కడా నా పేరు లేదు, "సిబ్బంది సహకారం" అని ఒక ముక్క ఉంది. ఆ పెద్దమనిషిని నేనేమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఆయన దగ్గరికి మళ్ళీ పనికి వెళ్ళలేదు. ఆయన పరిశోధన అక్కడే ఆగిపోయింది, నకళ్ళు చదివే మరో మనిషి ఆయనకి దొరకలేదు. పేరు వేయడం మర్యాద ఒక్కటే కాదు. రేపటి పనికి ఈరోజు వేసే విత్తనం.

బొర్రయ్య 1803లో చనిపోయాడు, ఇరవై ఏడేళ్ళ వయసులో. ఏడేళ్ళ స్నేహం, ఏడేళ్ళ పని. మెకంజీ ఆ స్థానంలోకి యూరోపియన్‌ని వెతకలేదు. బొర్రయ్య తమ్ముడు లక్ష్మయ్యకి పని అప్పగించాడు. నిజమైన వ్యవస్థ మొదలైంది ఇక్కడే.

1804 నాటి కాగితాలు రెండు రకాలు మిగిలాయి. ఒకటి, దక్షిణ దేశ చరిత్రకి సామగ్రి ఎలా సేకరించాలో చెప్పే మెమొరాండం. రెండోది, లక్ష్మయ్య మెకంజీకి నెలనెలా ఇచ్చుకున్న నివేదికలు. మెమొరాండంలో కావలసినవన్నీ పేరు పేరునా ఉన్నాయి: రాజుల వంశావళులు, స్థల మాహాత్మ్యాలు, దానపత్రాలు, రాతి శాసనాలు, కరణాల దండకవిలెలు. ఇప్పుడు చెప్పండి, స్టోర్నోవేలో పుట్టిన ఇంజనీరుకి దండకవిలె అనేది ఒకటుంటుందని ఎవరు చెప్పి ఉంటారు? ఊరి కరణం ఇంట్లో తరతరాలుగా దాచుకున్న లెక్కల పుస్తకంలో రాజుల కాలాలు దొరుకుతాయని ఎవరు చెప్పి ఉంటారు? ఆ మెమొరాండం దొర ఆజ్ఞలాగా కనిపిస్తుంది. దాని కడుపులో ఉన్నది బొర్రయ్య ఏడేళ్ళ చదువు. ఇది నా అంచనాయే, కానీ గట్టి అంచనా. కింద పనిచేసేవాడు పైవాడికి నేర్పాడు, పైవాడు దాన్ని రాసిపెట్టి మళ్ళీ కింది వాళ్ళకి దారి చూపాడు.

నెలవారీ నివేదికలు ఇంకా విలువైనవి. ఏ ఊరు వెళ్ళారు, ఎవరిని కలిశారు, ఏ పుస్తకం దొరికింది, ఎవరు లేదన్నారు, ఎవరు రేపు రమ్మన్నారు, దేనికి నకలు రాయించాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. దొరికింది చెప్పడం ఎవరైనా చేస్తారు. దొరకనిది కూడా చెప్పుకోగలగాలంటే పైవాడి మీద నమ్మకం ఉండాలి. "ఫలానా కరణం కవిలె లేదంటున్నాడు, దాచాడని నా అనుమానం" అని ఏ భయమూ లేకుండా రాయగలిగినవాడికి మాత్రమే తర్వాత ఏం చేయాలో జవాబు వస్తుంది.

నా గైడు గారు నా చేత ఇదే చేయించారు. ప్రతి నెలా మొదటి వారంలో ఒకే ఒక్క పేజీ. ఏం చదివాను, ఏం దొరకలేదు, ఆయన వల్ల నాకేం కావాలి. మూడో ముక్క రాయడానికి మొదట్లో చాలా సిగ్గుపడ్డాను. ఆయన ఖాళీగా ఉన్న ఆ చోటు మీద ఎర్ర సిరాతో గీత గీసి, "ఇక్కడ రాయమ్మా, నేనెందుకున్నాను మరి?" అనేవారు. ఆ తర్వాత రాయడం మొదలుపెట్టాను. మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి ఒక ఉత్తరం కావాలి, పార్శీ మాటలు చదివిపెట్టే మనిషి కావాలి, మూడో అధ్యాయం పండక్కి ముందే చదివి ఇవ్వాలి. అడిగినవి చాలావరకు దొరికాయి. దొరకనివి ఎందుకు దొరకవో తెలిసింది. నా దగ్గరికొచ్చే పిల్లలకి నేను గట్టిగా చెప్పేది ఈ ఒక్కటే. మీ గైడు అడగకపోయినా మీరే నెలనెలా ఒక పేజీ పంపండి. ఆయన చదవకపోతే ఆ పేజీలు మీ దగ్గరే ఉంటాయి, అవి మీ థీసిస్‌లో సగం.

లక్ష్మయ్య ఇబ్బంది నా ఇబ్బంది కంటే పెద్దది. పైన దొర ఉన్నాడు, కింద తనే పై అధికారి. నారాయణరావు, ఆనందరావు, నిటల నాయన, శ్రీనివాసయ్య, ఇంకా ఎందరో తమిళ, కన్నడ, తెలుగు, మరాఠీ ప్రాంతాల్లో తిరిగి ఆయనకి సంగతులు పంపేవారు. 1811లో మెకంజీ జావా దండయాత్రకి వెళ్ళి రెండేళ్ళు అక్కడే ఉండిపోయాడు. దొర సముద్రం అవతల ఉన్నా ఇక్కడ సేకరణ ఆగలేదు. యజమాని ఎదురుగా లేనప్పుడు సాగే పనే అసలైన పని అని నా నమ్మకం. లక్ష్మయ్య చేత మెకంజీ దగ్గరుండి చేయించలేదు, లక్ష్మయ్య తనకింది వాళ్ళ దగ్గరా కూర్చోలేదు. రాత, రాకపోకలు, డబ్బు, నమ్మకం ఈ నాలుగింటి మీద నడిచింది.

అలా వచ్చినవే మన కైఫియ్యతులు. 1800లో నిజాం కంపెనీకి వదిలేసిన కడప, బళ్ళారి సీమల్లో సర్వే 1809 తర్వాత సాగింది, నేను చదివినవి చాలావరకు ఆ కాలానివే. ఒకటి తెరిచి చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. మొదట మౌజే ఫలానా, సముతు ఫలానా, తాలూకా ఫలానా అని ఊరి ఉనికి. తర్వాత పూర్వం ఇదంతా అడవి. ముక్కంటి మహారాజు అడవి కొట్టించి ఊరు వేశాడు, బ్రాహ్మణులకి అగ్రహారం ఇచ్చాడు. ఇది దాదాపు ప్రతి ఊరికీ ఉంటుంది, పక్క ఊరితో పోటీగా చెప్పుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత కథ నెమ్మదిగా నేల మీదికి దిగుతుంది. ప్రతాపరుద్రుడు, రాయల కాలం, తురకల అమలు, పాళెగాళ్ళ దోపిడీ. ఏ గుడికి ఎన్ని పుట్ల మాన్యం, ఏ చెరువు ఎప్పుడు తెగింది, ఏ కులం వాళ్ళు కరువులో ఊరు వదిలిపోయారు. ఇంటి నంబర్లు, పన్ను రశీదులు పుట్టకముందు మన ఊళ్ళ జ్ఞాపకం ఇలా కాగితం మీదికెక్కింది. ఆ కాగితం మీద చేయి కరణానిది, చెవి లక్ష్మయ్య మనుషులది, ప్రశ్న దొరది.

1816లో థామస్ హిక్కీ గీసిన చిత్రం ఒకటుంది, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ వారి దగ్గర. ఎర్రకోటు వేసుకుని మెకంజీ నిలబడ్డాడు, ముఖంలో వయసు, అలసట. చుట్టూ ముగ్గురు భారతీయులు. దూరదర్శిని పట్టుకున్న బంట్రోతు, తాటాకు పుస్తకం పట్టుకున్న జైన పండితుడు, లక్ష్మయ్య అని భావించే మూడో మనిషి. వెనక దూరంగా కార్కళ గోమటేశ్వరుడు. అప్పటి దొరల చిత్రాల్లో భారతీయులు ఉంటే ఎక్కువగా హుక్కా పట్టుకునో, గొడుగు పట్టుకునో ఉండేవారు. ఇక్కడ వాళ్ళ చేతుల్లో పని ఉంది. దొర వాళ్ళకంటే ఎత్తుగానే ఉన్నాడు, అది ఆ కాలపు నిజం. కానీ వాళ్ళు లేకుండా తన బొమ్మ పూర్తి కాదని ఆయనే ఒప్పుకున్నట్టుంది.

1815లో మెకంజీ భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1817లో కలకత్తా వెళ్తూ కట్టల కొద్దీ కాగితాలనీ, లక్ష్మయ్యనీ వెంటపెట్టుకు వెళ్ళాడు. సేకరించినదంతా దగ్గర పెట్టుకుని చరిత్ర రాద్దామని ఆశ. ఒక్క పుస్తకమూ రాయకుండానే 1821 మే 8న పోయాడు. ఆయన భార్య దగ్గర ఆ సేకరణని కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో దానికి వివరణాత్మక సూచి అచ్చు వేశాడు. శాసనాలు 8,076, నాణేలు 6,218, బొమ్మలు 2,630. విల్సన్ సంస్కృతంలో ఉద్దండుడు, దక్షిణాది భాషలు రావు. లక్ష్మయ్య, ఆయన తోటివారు తయారుచేసిపెట్టిన ఇంగ్లీషు సారాంశాలే ఆ సూచికి ఆధారం.

ఇక్కడి నుంచి కథ నాకు కోపం తెప్పిస్తుంది. తిరిగి మద్రాసు చేరిన లక్ష్మయ్య, ఆగిపోయిన పని తను కొనసాగిస్తానని, అందుకు ఆదరవు కావాలని ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దగ్గరికి వెళ్ళింది. 1836లో ఆ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ జవాబు రాశాడు. కావలి వెంకట లక్ష్మయ్యే కాదు, ఏ స్థానికుడూ ఇటువంటి పనికి చాలడని, విమర్శ చేసి సారం తీసే శక్తి వాళ్ళకి ఉండదని దాని సారాంశం. పని విలియం టేలర్ అనే మతగురువు చేతికి పోయింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉన్న మనిషికి దక్కిన మాట అది. ఆ మరుసటి ఏడే ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి చదివాడు, అందులో కమలాకాంత పండితుడు పక్కనే ఉండి సాయం చేశాడు. ప్రిన్సెప్ విద్వత్తు మీద నాకు గౌరవం ఉంది. ఈ తీర్పు మీద లేదు.

మెకంజీ ఉంటే ఇలా జరిగేది కాదు అనడం తేలిక. నేను మెకంజీని కూడా అడుగుతాను. లక్ష్మయ్యకి తన దగ్గర ఉన్న గౌరవం తన తర్వాత కూడా నిలిచేలా ఎందుకు చేయలేదు? ఉత్తరాల్లో మెచ్చుకున్నాడు, చిత్రంలో నిలబెట్టాడు, అచ్చులో పేరు వేశాడు. కానీ లక్ష్మయ్య స్థానం ఒక మనిషి మంచితనం మీద ఆధారపడింది తప్ప, ఒక పదవి మీద కాదు, ఒక ఉత్తర్వు మీద కాదు. దొర కన్ను మూయగానే లక్ష్మయ్య "ఒక స్థానికుడు" అయిపోయాడు. విశ్వవిద్యాలయాల్లో నేను ఇదే చూశాను. గైడు రిటైరవగానే, బదిలీ అవగానే, ఆయన కింద ఏళ్ళ తరబడి పనిచేసిన పిల్లలు ఎవరికీ కాని వాళ్ళవుతారు. పని ఎవరిదో, ఎంతవరకు వచ్చిందో, దాని మీద ఎవరికి హక్కుందో ఎక్కడా రాసి ఉండదు.

కావలి సోదరులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లక్ష్మయ్య మద్రాసులో హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితాలు ఇంగ్లీషులో అచ్చు వేసి, అన్న బొర్రయ్య జీవితాన్ని అందులో చేర్చాడు. తర్వాత పాకశాస్త్రం మీద కూడా ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. పైవాళ్ళు మరిచిపోయినా తమ్ముడు మరవలేదు. బొర్రయ్య గురించి మనకి తెలిసిన దాంట్లో ఎక్కువ భాగం రామస్వామి చలవే. మద్రాసుకి తిరిగొచ్చి చెదలు పడుతున్న స్థానిక చరిత్రలకు సి. పి. బ్రౌన్ నకళ్ళు రాయించి 62 సంపుటాలుగా కట్టించాడు. అవి లేకపోతే నా థీసిస్ లేదు. బ్రౌన్ కూడా జూలూరి అప్పయ్య వంటి పండితుల మీదే ఆధారపడ్డాడు, వాళ్ళ పేర్లు ప్రతుల మీద రాయించాడు. ఆ అలవాటు ఆ కాలంలో కొందరికైనా ఉండేదన్నమాట.

ఇవాళ్టి పరిశోధనా పత్రాల్లో కింది సూచికలు తిరగేస్తే "మెకంజీ కైఫియ్యతులు, సంపుటం ఫలానా" అని మాత్రమే కనిపిస్తుంది. చాలా కైఫియ్యతుల మొదట్లోనో చివర్లోనో రాయించినవాడి పేరు ఉంటుంది, చెప్పిన కరణం పేరు ఉంటుంది. గైడులకి నా విన్నపం, మీ విద్యార్థి చేత ఆ పేర్లు కూడా రాయించండి, మీ పత్రంలో మీ విద్యార్థి పేరు తగిన చోట వేయండి. విద్యార్థులకి నా విన్నపం, ఈ నెల పేజీ ఈ నెలే పంపండి.